అపెనీసా తాత పెదవులు

శిక్షణలో బొమ్మ నోరు మూడుసార్లు తుడిచాను. రాజధాని సువా నుంచి వచ్చిన నర్సు లోసలీని అక్క బాగుందంది. పోయేముందు మనిషి నీళ్లు మింగలేకపోతే, తడి దూదితో పెదవులు, నాలుక తడుపుతుండాలట. ఎనిమిదితో చదువాపేసిన నాకు ఇదైనా వచ్చిందనుకున్నాను.

మర్నాడు అపెనీసా తాత చాప పక్కన కూర్చుంటే చెయ్యి కదల్లేదు. ఆయన మా ఊరి పెద్ద. పెద్దల తల మేం ముట్టుకోం, నోరూ తలలోదే కదా. ఆయన పెదవులు పగిలి నెత్తురు కనబడుతోంది. ఒళ్లో ఉన్న నా పాప ఏడుపందుకుంది.

అక్క పాపను ఎత్తుకుని, "బొమ్మకి పెద్దరికం లేదని చేసేశావా?" అంది. "ఆయన్నే అడుగు, మెరెయోనీ. ఇంకా వినబడుతుంది."

తల వంచి, "తాతా, మీ మొహం మీద చెయ్యి వేస్తాను, మన్నించండి" అన్నాను.

ఆయన కళ్లు తెరిచారు. "నా బొప్పాయిలు కోసుకుపోయినప్పుడు అడిగావటే?" అని గొణిగి, నోరు తెరిచారు.

దూదిని నీళ్లలో ముంచి, పిండి, పెదవుల మధ్య పెట్టాను. పసిపిల్లలా చప్పరించారు.

రెండోసారి చెయ్యి వెనకాడలేదు. అయినా అడిగే ముట్టుకున్నాను.