ఏడాదిన్నర నిలబడిన బండి

లూదియా కువైట్ నుంచి ఫోన్ చేసేసరికి మోషే స్కూలు చొక్కాలకు కాలర్లు కుడుతున్నాడు. మంగళవారం, మధ్యాహ్నం మూడు దాటింది. మామూలుగా ఆ వేళలో ఆమెకు ఊపిరి తీసుకునే తీరికుండదు. తెర మీద ఆమె పేరు చూడగానే అతని కాలు మిషను పెడలు మీద ఆగిపోయింది.

"టికెట్టు తీసినారు," అంది లూదియా. "శుక్రవారం హైదరాబాదులో దిగుతాండా. ఆ రాత్రే బస్సెక్కితే శనివారం తెల్లారేసరికి నంద్యాల."

మూడేళ్ళ రెండు నెలలైంది ఆమె వెళ్ళి. కువైట్‌లో ఒక ముసలామెను చూసుకునే పని. రెండేళ్ళకని వెళ్ళింది, కూతురు షాలిని నర్సింగు చదువు కోసం ఇంకో ఏడాది ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఈ ఒక్క మాట కోసమే ఎదురుచూసిన మోషే, తీరా అది చెవిన పడ్డాక బస్సు దారి సంగతే ఎత్తుకున్నాడు.

"బస్సు మన ఊరి మీదనే పోతాది గదా," అన్నాడు. "ఆళ్ళగడ్డకే రా. స్టాండుకాడికి వస్తా."

"వద్దు. నంద్యాలలోనే దిగుతా. నువ్వు బండి ఏసుకోని రా. ఆణ్ణించి నీ యెనక కూచోని రావాల నేను. మూడేండ్ల నుంచి అదే అనుకుంటాండా."

"సరే."

"బండి బాగుంది గదా?"

"బాగుంది. మొన్న ఆదివారం గూడా చర్చికి దాని మీదనే పోయినా."

ఆ అబద్ధం కొత్తది కాదు. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం చెబుతున్నదే. చెప్పి చెప్పి మోషే నాలుక దానికి అలవాటు పడిపోయింది.

ఆమె వెళ్ళిన కొత్తలో మోషే నిజంగానే బండి తోలేవాడు. ఇద్దరూ కలిసి కొనుక్కున్న బండి అది. ఆమెకు బండెక్కితే మాటలే మాటలు. ఇంట్లో నాలుగు గోడల మధ్య చెప్పలేనివన్నీ అతని భుజం మీద గడ్డం ఆనించి చెప్పేది. అతను తల కొంచెం పక్కకు తిప్పి జవాబు చెప్పేవాడు. ఆమె లేని రెండో ఏడు ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ, ఆ రోజు పాస్టరు చెప్పిన మాట ఏదో గుర్తొచ్చి, "విన్యావా లూదియా" అంటూ తల తిప్పాడు. వెనక ఖాళీ సీటు. ఆ ఒక్క క్షణంలో బండి రోడ్డు మధ్యకు పోయింది. ఎదురుగా వస్తున్న ట్రాక్టరు డ్రైవరు బ్రేకు తొక్కి నోటికొచ్చినట్టు తిట్టాడు. మోషే ఇంటికొచ్చి బండి మీద నీలంరంగు పట్ట కప్పి తాడు కట్టేశాడు. టైలరు షాపు ఇంటి అరుగు మీదే. చర్చి నడిచిపోయేంత దూరం. బండి అవసరం మళ్ళీ రాలేదు.

బుధవారం పొద్దున పట్ట విప్పాడు. తాళం తిప్పితే మీటరులో లైటు వెలగలేదు. సెల్ఫు నొక్కితే చప్పుడు లేదు. హారను నొక్కాడు, అదీ లేదు. కిక్కు కొట్టి కొట్టి చొక్కా తడిసిపోయింది. వీధి చివర మెకానిక్ ఎడ్విన్‌ను పిలుచుకొచ్చాడు. ఎడ్విన్ టైర్లకు గాలి కొట్టాడు, పాత పెట్రోలు వంచి కొత్తది పోశాడు, మళ్ళీ కిక్కు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"బ్యాటరీ పూర్తిగా పోయిందన్నా. ఈ కొత్త మోడళ్ళు బ్యాటరీ లేకపోతే తోసినా లెయ్యవు. పెట్రోలు పంపు గూడా దానితోనే నడుస్తాది."

"అయితే కొత్తది ఎయ్యి."

"ఈ సైజుది నా కాడ లేదు. సోమవారం నంద్యాలకు పోతా, తెస్తా."

"సోమవారం కాదప్పా. శనివారం లూదియా వస్తాంది."

ఎడ్విన్ అతని మొహం చూసి, జేబులోంచి చిన్న పానా తీసి ఇచ్చాడు. "నువ్వే ఇప్పుకోని పోన్నా. నల్ల తీగ ముందు తీయి, ఎర్రది తర్వాత. బిగించేటప్పుడు ఎర్రది ముందు."

సీటు కింద తీగలు రెండూ మట్టి, జిడ్డు పట్టి ఒకే రంగులో ఉన్నాయి. మోషే షాపులోంచి దారపు ఉండలు తెచ్చి, ఎడ్విన్ చూపించిన ప్రకారం ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి నల్ల దారం చుట్టి ముడేశాడు. గుండీలు కుట్టే చేతులకు ఆ పని తేలికే అయింది. బ్యాటరీ మాత్రం చూసినదానికంటే బరువుంది.

గురువారం దాన్ని సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. నిలువుగా ఉంచాలని ఎడ్విన్ చెప్పాడు కాబట్టి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ శిరివెళ్ల వచ్చేదాకా చూసి చూసి, "ఏందీ నాయనా అది, అంత భద్రంగా పట్టుకున్యావ్?" అని అడిగింది.

"బ్యాటరీమ్మా. బండిది."

ఆమె తన మూట కొంచెం జరుపుకుని అతనికి చోటిచ్చింది.

నంద్యాలలో బ్యాటరీల షాపు నడిపేది వేణుమాధవ్ అనే కోమట్ల ఆయన. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివరకు జారివుంటాయి. బ్యాటరీకి మీటరు తీగలు ఆనించి చూసి పెదవి విరిచాడు.

"ఇది చచ్చిపోయిందప్పా."

"చార్జింగు పెడితే లెయ్యదా అన్నా?"

"పెడ్తా చూడు. ఆశ మాత్రం పెట్టుకోవద్దు."

గంటసేపు పెట్టి మళ్ళీ మీటరు ఆనించాడు. ముల్లు లేచినట్టే లేచి పడిపోయింది. వేణుమాధవ్ కొత్త బ్యాటరీ తీసి, యాసిడ్ పోసి, దాన్నీ చార్జింగుకు పెట్టాడు. దానికి ఇంకో రెండు గంటలు పడుతుందన్నాడు. మోషేకు స్టూలు చూపించి, తనూ కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళు నిలబెట్నావ్ బండి?"

"ఏడాదిన్నర."

"యాలప్పా? వాడకుండా పెడితే లోపల పలకలు తెల్లగా పాచి కడతాయి. వారానికి ఒక్కసారి తిప్పినా ఇంకో రెండేండ్లు వచ్చేది."

మోషే ఎప్పుడూ కొత్తవాళ్ళతో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొలతలు అడగడం, తారీఖు చెప్పడం, అంతే. కానీ ఆ మధ్యాహ్నం, పేరైనా సరిగా తెలియని ఆ మనిషికి, ఖాళీ సీటు సంగతి, ట్రాక్టరు సంగతి, ప్రతి ఆదివారం చెప్పిన అబద్ధం సంగతి అన్నీ చెప్పేశాడు. వేణుమాధవ్ ఒక గిరాకీ వస్తే సైగతోనే కూర్చోమన్నాడు.

"ఎల్లుండి వస్తాది గదా," అన్నాడు అంతా విని. "ఆయమ్మకే చెప్పు ఇదంతా. నాకు కాదు."

అప్పుడే ఫోను మోగింది. లూదియా.

"యాడున్నావ్?"

"నంద్యాలలో. చిన్న పనుండి వచ్చినా."

అవతల ఎక్కడో ఏదో యంత్రం ఆగి ఆగి కూత పెడుతోంది.

"ఆస్పత్రిలో ఉండా," అంది లూదియా. "నాకు కాదు, మామాకు. నిన్న రాత్రి పడిపోయింది. మాట పోయింది." ఆ ఇంట్లో పనిచేసేవాళ్ళందరూ ఆ ముసలామెను అమ్మ అన్నట్టు మామా అనే పిలుస్తారు. "నా చెయ్యి పట్టుకోని ఇడిచిపెడ్తాలేదు. కూతుర్లు వచ్చి పట్టుకుంటే ఇదిలిస్తాంది, మళ్ళీ నా చెయ్యే యెతుక్కుంటాంది. ఆళ్ళు నన్ను పోవద్దనలే. టికెట్టుంది, నీ ఇష్టమన్నారు. నేనే ఆపించినా."

మోషే చార్జింగులో ఉన్న బ్యాటరీ వైపు చూశాడు.

"ఇనపడ్తాందా?"

"ఇనపడ్తాంది."

"ఎన్నాళ్ళో తెలీదు. డాక్టరు రోజులేనంటాండాడు. ఆయమ్మ చెయ్యి ఇడిపించుకోని యట్ల రావాల చెప్పు."

మూడేళ్ళు ఇక్కడ నా చెయ్యి ఎవరు పట్టుకున్నారని అడగాలనిపించింది అతనికి. ఎదురుగా గోడకు కొత్త బ్యాటరీలు వరసగా పేర్చి ఉన్నాయి, వేణుమాధవ్ అటు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటిస్తున్నాడు. మోషే లేచి షాపు బయట మెట్టు మీదికి వచ్చాడు.

"లూదియా, నీకొకటి చెప్పాల. బండి నేను తోల్తాలేదు. ఏడాదిన్నరాయె. చర్చికి పోతాండా అని చెప్పిందంతా అబద్ధం. బ్యాటరీ చచ్చిపోతే మార్పిచ్చేదానికి వచ్చినా ఈడికి."

"నాకు తెలుసులే."

"యట్ల?"

"బండి మీదైతే చర్చి నుంచి ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటావ్. నేను ఫోన్ చేసినప్పుడల్లా రోడ్డు మీదనే ఉంటివి. రొప్పుతా మాట్లాడ్తాంటివి. నడిచి వస్తాండావని నాకు తెలీదా?"

"మరి అడగలేదే?"

"అడిగితే యాల తోల్తాలేదో చెప్పాల్సొస్తాది నువ్వు. అది ఇన్యాక నేనీడ ఉండలేను."

ఎండ మెట్ల మీదికి పాకింది. రోడ్డు మీద ఒక లారీ బియ్యం బస్తాలతో మెల్లగా పోతోంది. మోషే ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"ఉండు," అన్నాడు. "ఆయమ్మ కాడ ఉండు. అంతా అయినాకనే రా."

ఆ సాయంత్రం అక్కడే ఉన్న నర్సింగు కాలేజీ హాస్టలుకు పోయి షాలినికి సంగతి చెప్పాడు. తల్లి ముందే ఫోన్ చేసి చెప్పిందట. షాలిని తండ్రి ఒళ్ళోని సంచిలోకి తొంగిచూసి, "శనివారం రాదు గదా నాయనా, ఇప్పుడు యాల కొన్యావ్?" అంది.

"ఎప్పుడో ఒకప్పుడు వస్తాది గదమ్మా," అన్నాడు మోషే.

మర్నాడు తెల్లవారగానే ఎర్ర దారం తీగ ముందు, నల్ల దారం తీగ తర్వాత బిగించాడు. మూడోసారి సెల్ఫు నొక్కితే ఇంజను లేచింది. ముందు దగ్గింది, తెల్లటి పొగ వదిలింది, తర్వాత నిలకడగా నడిచింది. వీధిలో వాళ్ళు తలుపుల్లోంచి చూశారు. ఆ రోజు నుంచి మోషే రోజూ ఊరి బయటదాకా బండి తోలి తిరిగొచ్చేవాడు. మొదట్లో భుజాలు బిగుసుకునేవి. వారం పోయాక ఆ బిగువు సడలింది గాని, వెనక బరువు లేని బండి గతుకుల్లో ఇంకా ఎగురుతూనే ఉండేది. ఇంటికొచ్చి ఆ రోజు ఎంత దూరం పోయాడో లూదియాకు చెప్పేవాడు. ఆస్పత్రి వరండాలోంచి ఆమె వినేది. ఈసారి చెప్పినవన్నీ నిజాలే.

మామా పందొమ్మిది రోజులు బతికింది. ఆ తర్వాత ఇంటినిండా బంధువులు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. వంటపనికి మనిషి చాలక లూదియాను ఇంకొన్నాళ్ళు ఉండమని బతిమాలారు. మొత్తం మీద అనుకున్న శనివారం తర్వాత ఏడో శనివారానికి ఆమె వచ్చింది.

బస్సు తెల్లవారుజామునే రావలసింది, ఆలస్యమైంది. నంద్యాల స్టాండులో షాలిని, మోషే నిలబడి ఉండగా పొద్దు ఎక్కాక వచ్చింది. లూదియా చిక్కిపోయింది. జుట్టులో ముందు లేని నెరుపు. కూతురిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత మోషే వైపు తిరిగి, "బక్కగైనావ్," అంది. "నువ్వు గూడా," అన్నాడతను. షాలినే రెండు పెట్టెలూ తీసుకుంది. "ఆళ్ళగడ్డ బస్సులో నేను తెస్తా నాయనా. మీరు బండి మీద రాండి," అని వాళ్ళు వద్దనేలోపే ఎక్కేసింది.

లూదియా వెనక కూర్చుంది. అతని భుజం మీద చెయ్యి వేసింది. పనితో గరుకెక్కిన అరచెయ్యి చొక్కాలోంచి తెలుస్తోంది. మోషే ఎన్ని రాత్రులు ఈ నలభై కిలోమీటర్లు ఊహించుకున్నాడో లెక్కలేదు. ఆ ఊహల్లో ఎప్పుడూ ఆమె మాట్లాడుతూనే ఉండేది. ఇప్పుడు నంద్యాల దాటింది, వరి మళ్ళు వచ్చాయి, ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నాడు. శిరివెళ్ల దగ్గరపడుతుండగా వీపుకు తడి తగిలింది. బండి పక్కకు తీసి ఒక కల్వర్టు దగ్గర ఆపాడు.

లూదియా ఏడుస్తోంది. చప్పుడు లేకుండా, మొహం దాచుకోకుండా.

"ఏమాయ?"

"ఏం లేదు. ఇంటికొస్తాండా, సంతోషంగానే ఉంది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయమ్మ గుర్తొస్తాంది. నా పేరు పలకనీక రాక 'లిద్యా, లిద్యా' అనేది. రాత్రిపూట మూడుసార్లు పిలిచేది. రెండు నెలలు కావొస్తాంది ఎవురూ పిలవక, ఇప్పటికీ ఆ టయానికే మెలకువొస్తాంది. నీ కాడికి రావాలని మూడేండ్లు ఏడ్చినా. ఇప్పుడు వచ్చి ఆయమ్మ కోసం ఏడుస్తాండా. ఏమనుకుంటావో నువ్వు."

మోషే ఆమెను బండి దింపి కల్వర్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు. అతనికి కొంచెం అసూయలాంటిది కలిగిన మాట నిజం. ఆమె బస్సు దిగింది గాని, ఆమెలో కొంత ఇంకా ఆ ఆస్పత్రి గదిలోనే ఉంది. అది రావడానికి ఇంకెన్ని రోజులు పడుతుందో ఆమెకే తెలియదు. ఇంతకాలం ఎదురుచూసినవాడికి ఇంకొన్నాళ్ళు పెద్ద కష్టం కాదనిపించింది.

"ఆయమ్మ గురించి చెప్పు," అన్నాడు. "ఫోన్లో ఎప్పుడూ సగం సగం చెప్పినావ్. మొదట్నుంచి చెప్పు."

ఆమె అతని మొహంలోకి చూసింది, నిజంగానే అడుగుతున్నాడా అన్నట్టు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. తను పోయిన మొదటి రోజు మామా తనకు పెట్టిన ఖర్జూరాలు, భాష రాక ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నవి, మామా కోపం, మామా దొంగచాటుగా తినే మిఠాయిలు. ఎండ చుర్రుమంటుంటే లేచి మళ్ళీ బండెక్కారు. ఎక్కాకా ఆమె ఆపలేదు. గాలికి మాటలు ఎగిరిపోతుంటే గడ్డం అతని భుజం మీద ఆనించింది. మోషే వేగం ముప్ఫైకి తగ్గించాడు. లారీలు, బస్సులు, చివరికి ఒక ట్రాక్టరు కూడా హారను కొట్టుకుంటూ వాళ్ళను దాటిపోయాయి.

ఆళ్ళగడ్డ వచ్చింది. షాలిని ఫోన్ చేసింది, యాడున్నారని. "వస్తాండాం," అన్నాడు మోషే. లూదియా అప్పుడే మామా పెళ్ళినాటి కథలోకి దిగింది, అది పెద్ద కథలాగుంది. మోషే తమ వీధి మలుపు దగ్గర తిప్పకుండా నేరుగా ఊరు దాటి పోయే రుద్రవరం రోడ్డు పట్టాడు.