తరాజు రేవు

పొద్దున్నే రమ పొయ్యి వెలిగించేసరికి అంతయ్య తరాజు పక్కన రాళ్లు పేరుస్తుంటాడు. గోదావరికి ఇవతల ఆదిలాబాద్ ఒడ్డున వాళ్ల సత్రం, అవతల ధర్మపురి. వంతెన కట్టాక సగం జనం బస్సెక్కారు గానీ, నరసింహస్వామి దగ్గరికి నీళ్ల మీదనే పోతామని మొక్కుకున్నవాళ్లు ఇంకా ఈ రేవుకే వస్తారు. వచ్చినవాళ్లు ముందు వసారాలో వేలాడే టేకు తరాజులో కూర్చోవాలి. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి అంతయ్య రెండో తట్టలో రాళ్లు పెడతాడు. ముల్లు నిలబడితే పడవ ఎక్కొచ్చు. మనిషి ఉన్న తట్ట కిందికి దిగితే ఆ ఎక్కువ బరువు అసూయది. దాన్ని మోసే పడవ నడి గోదావరిలో నిలవదు. తేలికయ్యేదాకా ఆ మనిషి సత్రంలో చుట్టంగా ఉండాల్సిందే. మొన్న తోటివాడికి ప్రమోషన్ వచ్చిందని ఒక ఇంజినీరు రెండు పూటలు ఉండి, పప్పుచారు తిని, కుదుటపడి పోయాడు.

చరిత్రలన్నీ రాజులవే. ఈ సత్రం చరిత్ర మాత్రం కుళ్లుకున్నవాళ్లది. ఎగువ నుంచి టేకు దుంగలు, ఇప్పపువ్వు, దిగువ నుంచి ఉప్పు, బట్టలు వచ్చే కాలంలో పక్కవాడి సరుకు చూసి బరువెక్కిన వ్యాపారులు ఈ ఒడ్డున ఎండలో పడి ఉండేవారట. వాళ్ల కోసం మొదట పందిరి లేచింది, తర్వాత గోడలు, తర్వాత పొయ్యి. ఊరికే కూర్చోలేక వాళ్లు ఇక్కడే సరుకు మార్చుకుంటే అంగడి అయింది. మెట్లు కట్టించిన షావుకార్ల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి. మూటలు మోసినవాళ్లవి, అన్నం వండినవాళ్లవి ఎక్కడా లేవు.

ఇప్పుడు వండేది రమ, అంతయ్య పెద్దకోడలు. మగడు మస్కట్‌లో ఉన్నాడు. సత్రంలో చుట్టం ఉండగా వండే మనిషి రేవు దాటకూడదని కట్టుబాటు. అసూయ లేని రోజు లేదు కాబట్టి చుట్టం లేని రోజూ లేదు. రోజూ కళ్లెదుట కనిపించే ధర్మపురికి ఆమె కాపురానికి వచ్చాక ఒక్కసారి కూడా పోలేదు.

చిన్నకోడలు నవీన వసారాలో నిలబడి వచ్చినవాళ్లకు సత్రం చరిత్ర చెబుతుంది. ముచ్చటగా చెబుతుంది, అదే రమకు కడుపుమంట. ఎవరో వీడియో తీసి ఫోన్లలో పెట్టారు. ఇప్పుడు కరీంనగర్ నుంచి కార్లలో వచ్చి నవీనక్క సత్రం ఇదేనా అని అడుగుతున్నారు. ఆ మాట విన్న రోజు రమ చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. జనం ఆ చారే తాగి, నవీనతో సెల్ఫీలు దిగి పోయారు.

ఈ ఉగాదికి కోడళ్లలో ఒకరికి సత్రం తాళాలు అప్పగిస్తానని అంతయ్య అన్నాడు. తీసుకునే మనిషి వాటిని కొంగున కట్టుకుని నది దాటి, స్వామి ముందు పెట్టి తేవాలి. అంటే తరాజులో నెగ్గాలి. రమ ముందురోజు నుంచే ఉపవాసం ఉంది. కాళ్ల కడియాలు తీసి పెట్టెలో పెట్టింది. తడి జుట్టు బరువని ఉగాది నాడు తలస్నానం కూడా మానింది.

ఆమె కూర్చోగానే తట్ట నేలను తాకింది. అంతయ్య ఇంకో రాయి పెట్టాడు, ఇంకోటి పెట్టాడు. లేవలేదు. తర్వాత నవీన కూర్చుంది. ముల్లు నిటారుగా నిలబడింది.

"అన్నీ ఉన్నోళ్లు తేలికనే ఉంటరు మామా," అంది రమ. "గీ తరాజు కూసున్నోళ్లను తూస్తది గని, పొయ్యికాడ నిలబడ్డోళ్లను ఎన్నడన్న తూసిందా?"

అంతయ్య తల వంచుకున్నాడు. "నేనేం జేయాలె బిడ్డా. గిప్పుడు నువ్వు సుట్టానివి. పోయి కూసో."

చుట్టం పని ముట్టకూడదు. నవీన కొంగు దోపుకుని వంటింట్లోకి పోయింది. వండే మనిషి రేవు దాటకూడదు గనక తాళాలు మేకుకే ఉండిపోయాయి.

రమ చాప మీద కూర్చుంది. అన్నం మాడింది, పచ్చిపులుసు నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా ఉంది. ఎత్తిపొడుద్దామని తలెత్తితే, వడ్డిస్తున్న చేతి మీద నూనె చిట్లిన బొబ్బ కనిపించింది. అలాంటి మచ్చలు రమ చేతుల నిండా ఉన్నాయి. "ఇంకింత ఎయ్యి చెల్లె," అంది. తిని, మిట్టమధ్యాహ్నం కాళ్లు చాపి పడుకుంది. ఆ ఇంట్లో అలా పడుకోవడం అదే మొదలు.

మర్నాడు కార్లు వచ్చాయి. చెప్పే మనిషి పొగలో ఉంది. రమ చాప మీది నుంచే చెప్పసాగింది. మూటల కింద వీపులు కమిలిన హమాలీల గురించి, షావుకార్లు ఉప్పు చాలలేదని గిన్నె తన్నితే ఆ పూట పొయ్యి ఆర్పేసిన లింగవ్వ గురించి చెప్పింది. జనం పకపకా నవ్వారు, ఫోన్లు తీశారు. వంటింట్లో ఆ నవ్వు విన్న నవీన చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

సాయంత్రం రమ తరాజులో కూర్చుంటే ముల్లు నిలబడింది. తాళాల కోసం మళ్లీ నవీన కూర్చోగానే, నిన్న రమ దించిన చోటికే తట్ట నెమ్మదిగా దిగిపోయింది.

రమ కడియాలు తొడుక్కుంది. మేకుకున్న తాళాలు తీసి కొంగున ముడేసుకుంది. పడవ నడిపే నవీన మగడు ముత్యం తాడు విప్పబోయి ఆగాడు. "వదినా, సుట్టం ఉంది గదా. వంటెవరు జేస్తరు?"

రమ చాప పరిచి నవీనను కూర్చోబెట్టింది. తర్వాత అంతయ్య వైపు తిరిగింది.

"మామా, బియ్యం కుండల ఉన్నయి. జర ఎక్కువ ఎసరు పెట్టు."

పడవ నడి గోదావరికి చేరేసరికి సత్రం కప్పు మీది నుంచి పొగ లేచింది. అంతయ్య దగ్గు నీళ్ల మీదుగా వినిపించింది. వసారాలో కాళ్లు చాపుకుని నవీన కేకేసి చెబుతోంది, మామా, అడుగంటుతుంది చూడు అని. రమ వెనక్కి తిరగలేదు. ధర్మపురి గోపురం చూస్తుండగానే పెద్దదవుతోంది.