ఎద్దుకు పథ్యం

డాక్టరమ్మ కట్టు విప్పేసరికి ఈగలు ముసిరాయి. మాయాండి కాలి బొటనవేలు నల్లబడిపోయింది. చీలమండ మీద పుండు ఆరు నెలలుగా మానలేదు. కోయంబత్తూరు నూలుమిల్లులో పద్దెనిమిదేళ్లు నిలబడి పనిచేసిన కాలు అది. ఆకలి తెలియకుండా బీడీ మీద బీడీ కాల్చిన మనిషి కాలు. తాకితే చల్లగా తగిలింది.

"వేలు తీసెయ్యాలి. బీడీ మానకపోతే కాలూ పోతుంది," అందామె. "కాలికి నెత్తురు సరిగా దిగడం లేదు. దిగే కాస్త నెత్తురులోనూ సత్తువ లేదు. పుండు దేంతో మానుతుంది? రోజూ రెండు గుడ్లు, పాలు ఇమ్మని మిల్లుకు రాశాను కదా, తినడం లేదా?"

మాయాండి పెళ్లాం ఆరాయి తెల్లబోయింది. "గుడ్లా? మాకెవురిచ్చినారు తాయీ?"

మాయాండి తల వంచుకున్నాడు. "మేస్తిరి గుడ్లు కావల్నా అని అడిగినారు. పుణ్ణు ఉండేటోడు గుడ్డు తింటే చీము పట్టును, పత్తెం ఉండరా అన్నారు. సరి, వద్దంటిని."

వాళ్ల కాలనీలో తాతలనాటి మాట అది. పుండు లేచిందంటే గుడ్డు కూడదు, చేప కూడదు, ఆకుకూర కూడదు. గంజీ ఉప్పే గతి. డాక్టరమ్మ గుడ్లు రాసిన ఇంకో ఐదుగురు మిల్లువాళ్లూ కాళ్ల పుళ్లతో అలాగే ఎండిపోతున్నారు. మిల్లు గుడ్లు పంచే మేస్త్రీ రత్నసభాపతికి ఆ సంగతి బాగా తెలుసు.

ఆ మేస్త్రీ ఇంట్లో గొడ్లచావడి పని ఆరాయిదే. రేక్లా బండి పందేనికి పెంచే ఎద్దుకు రోజూ పన్నెండు గుడ్లు పాలలో కొట్టి, వెదురు గొట్టంతో గొంతులో పోసేది ఆమే. ఆరుగురు, పన్నెండు గుడ్లు.

"నా చేతులు పడిపోను!" అని నెత్తి బాదుకుంది ఆరాయి. మొగుడి వేలు తన చేత్తోనే ఎద్దుకు పోసింది!

ఏడవలేదు. ఏడిస్తే ఆ మేస్త్రీకేం నొప్పి? వాడికి నొప్పి ఎక్కడో ఆమెకు తెలుసు.

మర్నాటినుంచి ఎద్దు పథ్యంలో పడింది. గడ్డి, గంజి, కుడితి, అంతే. గుడ్లూ పాలూ పేడగంప పక్కన కూటిచట్టిలో కాలనీకి చేరాయి. వేలు తీయించుకుని ఇంటికొచ్చిన మాయాండి వాటిని చూసి మొహం తిప్పుకున్నాడు.

"పత్తెం పత్తెం అని ఒక వేలు పోగొట్టుకొంటివి. మిగతా నాలుగూ దానికే ఇస్తావా? తినయ్యా!" అని గద్దించింది. బీడీ కట్ట లాగి పొయ్యిలో పారేసింది.

నెల తిరిగేసరికి పుండు అంచు ఎర్రబడింది. కొత్త చర్మం వస్తోందని డాక్టరమ్మ చెప్పింది. అటు ఎద్దుకు పక్కటెముకలు తేలాయి. ఆరాయి ఆ నోరులేని జీవం పక్కన కూర్చునేది. "నీ మీద కోపం లేదు నాయనా," అని మెడ నిమిరేది. మళ్లీ గంజే పోసేది.

పళని దారిలో పందెం రోజున ఎద్దు సగం దూరంలో ఆగిపోయింది. ఊరూరి జనం ఈలలు వేశారు. మేస్త్రీ ఆ చర్నాకోలతోనే తిన్నగా కాలనీకి వచ్చాడు.

"ఏమే! నా ఎద్దుకు ఏం పెడితివే?"

"పత్తెం పెట్టితిని సామీ," అంది ఆరాయి, గుమ్మంలోంచి కదలకుండా. "కాడి ఒరుసుకొని దాని మెడమీద పుణ్ణు ఉండె. పుణ్ణుకు గుడ్డు కూడదని మీరే గదా సెప్పినారు?"

"గుడ్లు ఎక్కడే, దొంగముండా?"

ఆరాయి లోపలికి వెళ్లి గంప తెచ్చింది. నెల రోజుల పెంకులు వాడి కాళ్ల మీద గుమ్మరించింది. "ఇవిగో. డాక్టరమ్మ మా పేరున రాసిన గుడ్లు. రేపటినుంచి మేమే మిల్లుకు పోయి మా చేతికే వాంగుకొంటాం. మీ చావడికి ఇంక నేను రాను."

చర్నాకోల పైకి లేచింది. పక్క గుమ్మంలో పాప్పమ్మాళ్ కాలికట్టుతోనే వచ్చి నిలబడింది. ఆమె వెనక అంతోని, ఇంకా ముగ్గురు, కుంటుకుంటూ. అందరికంటే ముందుకు మాయాండి వచ్చి, నాలుగు వేళ్ల పాదం నేలమీద గట్టిగా ఆనించాడు.

మేస్త్రీ ఒక అడుగు వేశాడు. చెప్పుకింద పెంకులు పటపటమన్నాయి. ఎవరూ పక్కకు జరగలేదు.