పీటముడి

పొద్దున లేవగానే సిద్ధమ్మ చేసే మొదటి పని బొంత విప్పడం. మూలన జారుముడి ఉండేది. దారం కొస పట్టి లాగితే విడిపోయేది. నాలుగు మడతలు తీసేసరికి కూతురు వెంకటేశ్వరి ఆవులిస్తూ లేచి కూర్చునేది. చెంప మీద కుట్ల గీతలు పడి ఉండేవి. మొహం కడుక్కుంటే పోయేవి. ఇద్దరూ చాయ్ తాగి పనికి దిగేవాళ్లు. తల్లి వంటింట్లోకి, కూతురు మేడ మీది గదుల్లోకి.

సిద్ధమ్మ పుట్టింటి ఆడవాళ్లు కుట్టే బొంతలు అట్లాంటివి. పాత చీరలు ఏడు పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా కుట్టేస్తారు. మనిషిని పడుకోబెట్టి మడిస్తే మనిషీ మడతపడతారు. బరువుండదు. ఆకలి వేయదు. వయసు జరగదు. మాటలు మాత్రం వినపడతాయి. రాయచోటి దగ్గర వాళ్ల ఊర్లో చెనక్కాయలు పెరికే రోజుల్లో బిడ్డల్ని మడిచి దండెం మీద వేసి పోయేవాళ్లు. పొద్దు గూకినాక వచ్చి విప్పుకునేవాళ్లు.

జారుముడి ఎవరు లాగినా వస్తుంది. పీటముడి వేస్తే మాత్రం, వేసిన మనిషే పళ్లతో విప్పాలి. కత్తి పెడితే లోపలి మనిషి తెగుతారు. అందుకని పీటముడి జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

వెంకటేశ్వరి పుట్టి పద్దెనిమిదేళ్లు. చిన్నప్పుడు దండెం మీద ఎక్కువ కాలం గడిపినందువల్ల ఒంటికి పదహారే.

మొగుడు పోయినాక సిద్ధమ్మకు కువైట్ వీసా ఒకటి దొరికింది. ఒక మనిషికే. కూతుర్ని మడిచి సంచిలో పెట్టుకుని విమానమెక్కింది. కువైట్‌లో దిగినాక తనిఖీ చేసేవాడు బొంతను రెండుసార్లు నొక్కి చూసి పొమ్మన్నాడు. అబూ హలీఫాలో ఆమె పనికి కుదిరిన ఇంటి యజమానురాల్ని అందరిలాగే మామా అని పిలిచేది. మొదటి రోజు గిన్నెలు తోముతున్న ఇద్దర్ని చూసి మామా బొంత వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. "ఒక ఇఖామాకి నాలుగు చేతులు. మంచిదే" అని పోయింది. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. వెంకటేశ్వరికి అది లేదు. పాస్‌పోర్టూ లేదు. ఇంటికి చుట్టాలొస్తే మడిచి అల్మారాలో పెట్టేవాళ్లు. అట్లా నాలుగేళ్లు గడిచాయి.

ఐదో ఏడు ఎండలకు మామా వాళ్లంతా లండన్ పోయారు. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది.

మొదట పక్కిల్లు పగలగొట్టారు. ఆ ఇంట్లో సిలోన్ పనిమనిషి ఒక్కతే ఉండింది. మధ్యాహ్నం పూట గోడ అవతలి నుంచి ఏం వినపడిందో సిద్ధమ్మ ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆ పిల్ల అరవడం మానేసింది. అంతే.

ఆనాటి నుంచి సిద్ధమ్మ బొంతను మూడు రోజులకు ఒకసారే విప్పేది. స్నానం చేయించి, ఇంత అన్నం పెట్టి, మళ్లీ మడిచేది.

"ఇంకొంచేపు కూర్చుంటానమ్మా" అనేది వెంకటేశ్వరి.

"కూర్చున్నది చాల్లే. పడుకో."

సెప్టెంబరులో మస్తాన్ వలి వచ్చాడు. రాయచోటి మనిషే. నీళ్ల క్యాన్లు వేసే వానెట్ బండి తోలేవాడు. అతని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బండినీ అతన్నీ వదిలేసి సౌదీకి పారిపోయాడు.

"అక్కా, సాల్మియాలో ఇస్కూల్ కాడ మనోళ్ల పేర్లు రాస్తాండారు. బేస్తవారం బస్సు. బస్రా మింద బాగ్దాద్, ఆడనుంచి అమ్మాన్. ఆడ విమానం ఎక్కిస్తారంట."

"పాపకి కాగితం లేదే, వలీ."

"కాగితమెందుకు? వచ్చినట్టే పోతాది. టికెట్టు కూడా మిగుల్తాది."

చాలా రోజులకు సిద్ధమ్మ నవ్వింది.

సోమవారం పొద్దున సాల్మియాకు బయల్దేరారు. సముద్రం పక్కనే రోడ్డు. సగం దూరంలో ఇసుక మూటలు అడ్డం పెట్టి సిపాయిలు బండి ఆపారు. ఒకడు తుపాకీ కొసతో సిద్ధమ్మ ఒళ్లోని మూట చూపించి, "షినూ హాదా?" అన్నాడు. ఏంటిది అని.

సిద్ధమ్మకు వంటింటి అరబ్బీ బాగానే వచ్చు. చీపురుకు మాట తెలుసు, ఇస్త్రీపెట్టెకు తెలుసు, దుప్పటికీ తెలుసు. భయంలో మాత్రం నోటికి సొంత మాటే వచ్చింది.

"బొంత" అంది.

"బింత్?" అన్నాడు సిపాయి.

బింత్ అంటే ఆడపిల్ల.

"లా, లా" అన్నాడు మస్తాన్ వలి, చేతులెత్తి. "లిహాఫ్. కప్పుకునేది."

"అది బింత్ అని చెప్పింది. నేను విన్నాను." ఇంకో ఇద్దర్ని కేకేశాడు. "ఆడపిల్ల ఉందంట. వెతకండి."

సీటు పీకారు. బండి కింద దూరారు. క్యాన్లు దొర్లించారు. మస్తాన్ వలిని రెండు కొట్టారు, సిద్ధమ్మను ఒకటి కొట్టారు. "మాకూ బింత్" అంటూనే ఉంది ఆమె. పిల్ల లేదు, పిల్ల లేదు. ఒళ్లో మూటను ఎంత గట్టిగా పట్టుకుందో వాడు అప్పుడు చూశాడు. లాక్కున్నాడు.

"పిల్ల లేకపోతే పిల్ల పక్కయినా చాలు" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. బొంతను మడతలు విప్పకుండానే ఇసుక మూటల మీద వేసి, దాని మీద కూర్చుని బూట్లు చాపుకున్నాడు.

"యల్లా" అన్నాడు. పొమ్మని.

మరుసటి రోజు పొద్దున మళ్లీ అక్కడికే పోయారు. సిపాయిలు మారిపోయారు. ఇసుక మూటలు వట్టిగా ఉన్నాయి. ముందున్నవాళ్లు మూటాముల్లె ఫహాహీల్‌లో అమ్ముకుని పోయారని ఒకడు చెప్పాడు.

బండి దక్షిణానికి తిప్పారు. రోడ్డు పక్కన ఇళ్లకు తలుపుల్లేవు. కిటికీలకు పరదాల్లేవు.

"మేం దూదేకులోళ్లం అక్కా" అన్నాడు మస్తాన్ వలి. "బొంతను చూస్తానే చెప్తా, ఎవరింటిదో, ఎవరి కుట్టో. మాట నాకొదిలెయ్. నీకు చెప్పేది ఒకటే. కండ్లబడినా మొహంలో కనపడనీయొద్దు. కావాలని తెలిసిందంటే చేతికి రాదు."

ఫహాహీల్ బజార్లో ఖాసిం వలిది రజాయిల అంగడి. కడప నుంచి వచ్చి ఇరవయ్యేళ్లు. లోపల దూది గాల్లో తేలుతూ ఉంది. సిపాయిలు తెచ్చిపడేసిన రజాయిలు చూరు దాకా పేర్చి ఉన్నాయి. ఖాసిం వలి ఒక్కొక్కదాన్నీ కత్తెరతో పొట్ట చీల్చి దూది లాగుతున్నాడు. ఆ చప్పుడుకు సిద్ధమ్మ వెనక్కి జరిగింది. గోడ పట్టుకుంది.

"ఏం మస్తానూ, దూది ఒదిలేసి నీళ్లమ్ముకున్నావు. ఇప్పుడు నీళ్లకూ గతిలేదా?"

"నీకు మాత్రం బాగనే ఉండాదే మామా. ఊరంతా నీ అంగట్లోనే పండుకున్నట్టుండాది."

"పండుకున్నోళ్లు లేరప్పా. పక్కలే ఉండాయి." ఖాసిం వలి నవ్వలేదు. చిన్న రజాయి ఒకటి ఎత్తి వాసన చూపించాడు. పసిబిడ్డ తలనూనె వాసన. "దీన్ని చీల్చబుద్ధి కాల్యా. మూడు దినాల్నుంచి పక్కన పెడతాండా."

మస్తాన్ వలి చీరల బొంత సంగతి అడిగాడు.

"వచ్చిండె. నిన్న. మనోళ్ల కుట్టు. దాంట్లో దూది లేదు కదా, నాకేం పని? చీల్చి చూద్దామని మాత్రం కత్తెర పెట్టినా."

సిద్ధమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

"ఎందుకో చెయ్యి రాల్యా. సాల్మియాలో అల్లాబకష్ అని పాత సామాన్ల అంగడాయన. ఆయన మనిషొస్తే ఇచ్చేసినా."

ఉత్తరానికి పోతూ, ఆ మనిషి దారిలో ఎక్కడైనా దించేశాడేమోనని అబూ హలీఫాలో ఇంకో పాత సామాన్ల అంగట్లో ఆగి చూశారు. ఇత్తడి కాఫీ కూజాలు, గోడ గడియారాలు, ఊయల బల్లలు. ఫోటో చట్రాల్లో ఇంకా ఎవరి పెళ్లి ఫోటోలో వాళ్లవే ఉన్నాయి. ముందురోజు వదిలొచ్చిన మామా ఇంటి సోఫా కూడా అక్కడే ఉంది. దాని మీద తాను పోగొట్టలేకపోయిన చాయ్ మరక ఉంది. సిద్ధమ్మ దాన్ని చూసి, చూడనట్టు బయటికొచ్చింది. బొంత లేదు.

రాత్రి బండిలోనే గడిపి సాల్మియా చేరేసరికి బుధవారం మధ్యాహ్నం. అల్లాబకష్ హైదరాబాద్ మనిషి. అంగడి నిండా పాత పెట్టెలు, నగిషీ తలుపులు. ఇత్తడి మేకుల పెట్టె ఒకటుంది. దాని మీద బొంత.

కనకాంబరం రంగు చీర ముక్క. మొగుడు పోయిన ఏటి నీలం చీర ముక్క. బూటు అచ్చు. అంచున సిగరెట్టు కాల్చిన బొక్క. అది వెంకటేశ్వరికి భుజమో, మోచెయ్యో. జారుముడి దారం బయటికి వేలాడుతూ ఉంది.

సిద్ధమ్మ గడియారాల వైపు తిరిగి నిలబడింది.

"గీ పాత బట్టల కోసమా ఇంత దూరమొచ్చిన్రు?" అన్నాడు అల్లాబకష్. "తీస్కపోండి భాయ్. నా పెట్టె కనబడకుండ కప్పింది అది."

అతను దాన్ని పాత పేపర్లో చుట్టడం మొదలుపెట్టాడు. అప్పుడే ఇరాకీ ఆఫీసరు ఒకాయన లోపలికి వచ్చాడు. వెనక ఇద్దరు సిపాయిలు. అల్లాబకష్ చేతులు ఆగిపోయాయి.

ఆఫీసరు మెల్లగా మాట్లాడే మనిషి. కూజాలు చూశాడు, గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కూతురికి ఏదైనా పంపాలన్నాడు. ఆరేళ్ల పిల్లంట. తర్వాత బొంత మీద చెయ్యేశాడు.

"ఇది మెత్తగా ఉందే."

"అది వీళ్లకు ఇచ్చిన సాబ్" అన్నాడు అల్లాబకష్, గొంతు తగ్గించి.

"ఈమెదే సార్. ఈమె కుట్టిందే" అన్నాడు మస్తాన్ వలి అరబ్బీలో.

ఆఫీసరు చిరునవ్వు నవ్వాడు. "ఈ అంగట్లో ఉన్నదంతా ఎవరో ఒక ఆడమనిషిదే."

సిపాయిలు నవ్వారు.

"అయినా ఇంత గొడవలో పాతగుడ్డల కోసం ఎవరు తిరుగుతారు? లోపల బంగారం కుట్టావా?" అతని వేళ్లు దారం కొసను పట్టుకున్నాయి. ఊరికే లాగుతున్నట్టు లాగాడు. ముడి కొంచెం వదులైంది.

ఇంకొక్క లాగు. నాలుగు మడతలు. ఆవులిస్తూ లేచి కూర్చుంటుంది, ఈ ముగ్గురి ముందు.

సిద్ధమ్మ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"బంగారముంటే మీ దేశాల్లో గిన్నెలెందుకు తోముతాను సార్? తడిమి చూసుకోండి."

తడిమారు. ముగ్గురూ. ఆరు చేతులు ఆ చివర నుంచి ఈ చివర దాకా పిండి పిసికినట్టు పిసికాయి. సిద్ధమ్మ మొహంలో ఏమీ కనపడనీయలేదు.

"మాకూ" అన్నాడు ఒక సిపాయి. ఏమీ లేదని.

"మాకూ" అంది సిద్ధమ్మ కూడా. లోపలికి వినపడుతుందని తెలిసే అంది. "ఆ దారం మాత్రం లాగొద్దు సార్. లాగితే మొత్తం ఊడిపోతుంది, మీ పాపకు పనికిరాదు. ఇటివ్వండి. గట్టిగా కుట్టి ఇస్తా."

ఆఫీసరు ఇచ్చాడు.

ఆమె నేల మీద కూర్చుని, రవికె అంచున గుచ్చి పెట్టుకున్న సూది తీసింది. మూల దగ్గర రెండు వరసలు కుట్టింది. దారాన్ని మెలివేసి, దాని మీద ఇంకో మెలివేసి లాగింది. అది ఏ ముడో మస్తాన్ వలి కనిపెట్టాడు.

"అక్కా" అన్నాడు.

దారం తెంపడానికి ఆమె వంగింది. పెదాలు గుడ్డకు తగిలాయి. "ఉండు. వస్తా" అంది.

"ఏమంటున్నావు?" అన్నాడు ఆఫీసరు.

"దారం తెంపుతున్నా సార్. మీ పాప ఉండేది ఎక్కడ?"

"బస్రాలో." కుట్టును లాగి చూసుకుని సంతోషపడ్డాడు. మంచి మనిషిలాగే అడిగాడు. "నీకు కూతుళ్లున్నారా?"

బొంత అతని చంకలో ఉంది. ఆమెకు అడుగు దూరంలో.

"మాకూ" అంది సిద్ధమ్మ.

"దేవుడిస్తాడులే" అని అతను వెళ్లిపోయాడు.

బేస్తవారం బస్సు కదిలింది. బస్రాలో నీళ్లకు ఆపారు. అందరూ దిగారు, అందరూ ఎక్కారు. సిద్ధమ్మ రోడ్డు పక్కనే నిలబడి మిద్దెల మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ ఉంది.

"అక్కా, యల్లా" అని పిలిచాడు మస్తాన్ వలి కిటికీలోంచి.

"నువ్వు పో, వలీ."

"ఈడేం జేస్తావు? ఎవరుండారు నీకు?"

"సూది ఉండాది" అంది.

ఆమె ఇప్పటికీ ఆ ఊర్లోనే ఉంది. బాంబులు పడ్డాయి, ఆగాయి, మళ్లీ పడ్డాయి. పాత రజాయి చినిగితే ఆ వీధుల్లో ఆమెనే పిలుస్తారు. ముందు మూలలు చూస్తుంది, తర్వాతే చినుగు చూస్తుంది. పాత సామాన్ల అంగళ్లకు వారానికొకసారి పోయి, ఏమీ కావాల్సిన పని లేనట్టు నిలబడి వస్తుంది. ఆ ఆఫీసరు కూతురికి కూడా ఈపాటికి పిల్లలు పుట్టి ఉంటారు.

వెంకటేశ్వరికి పదహారే. ఆ దిగులు లేదు.

పోయిన చలికాలం సిద్ధమ్మకు పై పళ్లు రెండు ఊడిపోయాయి. మిగిలినవాటితో ఆమె ఏదీ కొరకదు. దారం కత్తెరతో తెంపుతుంది. రొట్టె చాయ్‌లో నానబెట్టుకుని మింగుతుంది.