దిగనన్న చెయ్యి

సాయంత్రమయ్యేసరికి కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, అత్తగారి కాలికట్టు జారిందేమో చూసి, టైలరమ్మ కాలనీ మీటింగుకు వెళ్ళేది. వెళ్ళి వెనక వరసలో కూర్చునేది. పనిలో చెయ్యి తిరిగిన మనిషే గానీ, నలుగురిలో పడితే నోట్లో నాలుక ఉండేది కాదు.

ఆ రోజు అధ్యక్షుడు, సైకిళ్ళు దొంగలెత్తుకుపోతున్నారు, వెనక గేటు తీసేసి గోడ కట్టేద్దామన్నాడు. ఆ గేటు దాటితే ఎదురుగానే ఆస్పత్రి. అత్తగారు కర్ర పట్టుకుని రోజూ అక్కడికే పోయి కాలి పుండుకు కట్టు మార్పించుకుంటుంది. కట్టు మార్పించడం మానేస్తే కాలు దక్కదని డాక్టరు చెప్పేశాడు. పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి వెళ్ళడం ఆ కాలి వల్ల కాదు. రోజూ బండి మాట్లాడుకునే సంసారమూ కాదు.

"కాదనేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు అధ్యక్షుడు. ముందు వరసల మీద ఓ చూపు విసిరి, "ఎవరూ లేరు. ఆదివారం ఇంకోసారి కూర్చుని ఖాయం చేసేద్దాం," అని లేచాడు.

వెనక వరసలో టైలరమ్మ చెయ్యి ఎత్తే ఉంది. జనం వెళ్ళిపోయారు, కుర్చీలు మడిచేశారు. చెయ్యి మాత్రం దిగలేదు.

అలాగే ఇంటికొచ్చింది.

"ఏమైందే?" అంది అత్తగారు.

"మీటింగులో చెయ్యెత్తాను అత్తయ్యా."

"అయ్యో రామా, ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు. గేటు గురించి."

"లెక్కపెట్టారా?"

"చూడనే లేదు."

"మరి దిగమంటే ఎలా దిగుతుందే?" అని ఆవిడ కోడలికి కంచం పెట్టింది.

బస్సు నడిపే భర్త వచ్చి చూసి నవ్వాడు. "చెయ్యెత్తితే నా బస్సయినా ఆగుతుంది. మీ మీటింగు ఆగలేదన్నమాట!"

వీధివాళ్ళకు అదేం వింతగా తోచలేదు. "ఎలాగూ పైనే ఉంది కదా, ఆ అటక మీది డబ్బా కాస్త అందుకో వదినా," అని పక్కింటామె పిలిచేది. కుట్టుపనే మూలబడింది. ఒంటిచేత్తో గుడ్డ జరపడమా, చక్రం తిప్పడమా? బడిపిల్లల యూనిఫాంలు కుప్పగా పడి ఉన్నాయి. ఇక చేతులెత్తేద్దామా అనిపించింది ఆమెకు. ఒకటి ఎత్తే ఉంది, రెండోదీ ఎత్తేస్తే సరి. కానీ ఆ రెండో చేత్తో అత్తగారికి కర్ర అందించాలి.

ఆదివారం అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళి ముందు వరసలోనే కూర్చున్నారు.

"కాదనేవాళ్ళు?" అని అధ్యక్షుడు చూపు తిప్పాడు. "నీది కాదులేమ్మా. నీ చెయ్యి వారం నుంచీ అలాగే ఉంది. దాన్ని అభ్యంతరం కింద ఎలా రాసుకోను? అలవాటు కింద పోతుంది."

అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. "ఎందుకెత్తిందో అడగొచ్చు కదయ్యా? అడిగితే నోరరిగిపోతుందా?"

అధ్యక్షుడు బుర్ర గోక్కున్నాడు. "సరే. ఎందుకెత్తావమ్మా?"

ఆ మాట చెవిన పడగానే చెయ్యి మెల్లగా దిగి ఒళ్ళో వాలింది. టైలరమ్మ దానికేసి చూసుకుంది. ఇన్నాళ్ళూ తన తరఫున చెయ్యి నిలబడింది. ఇప్పుడిక నిలబడాల్సింది తనే. లేచింది.

"మా అత్తయ్య ఆ గేటులోంచే ఆస్పత్రికి పోతుంది సార్. గోడ కడితే దొంగ ఎక్కి దూకుతాడు. మా అత్తయ్య దూకలేదు." కూర్చోబోయి మళ్ళీ నిలబడింది. "రాత్రిళ్ళు తాళం వేద్దాం. వెయ్యడం, తియ్యడం నేను చూసుకుంటాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్తగారి చెయ్యి లేచింది. ఆపైన పక్కింటామెది, ఆ గేటులోంచే పిల్లల్ని బడికి తీసుకెళ్ళే తాతది, ఇంకా ఎవరెవరివో. అధ్యక్షుడు ఈసారి కుర్చీలోంచి లేచి, వెనక వరస దాకా నడిచి, అక్కడినుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. గోడ మాట అక్కడితో పోయింది.

మర్నాడు పొద్దున్నే టైలరమ్మ కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పి గేటు తెరిచింది. అత్తగారు ఒక చేత్తో కర్ర పట్టుకుని వచ్చింది. రెండో చెయ్యి ఇంకా పైనే ఉంది.

"అత్తయ్యా, లెక్కపెట్టేశారు కదా. దించండి."

"ఉండవే," అంది ఆవిడ కర్ర టకటకలాడిస్తూ. "ఇన్నేళ్ళకు ఎత్తాను. గేటు దాటిందాకా ఉండనీ."