గొడుగుల ఫ్యాక్టరీలో లేని దయ్యం

దయ్యం ఉంటే ఒక భయం. లేకపోతే అంతకన్నా పెద్ద భయం. ఆ ఆదివారం మూతపడ్డ గొడుగుల ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడినప్పుడు నా పరిస్థితి అదీ.

సంగతి ఏమిటంటే, మా అమ్మాయి పనిచేసే కళ్ళజోళ్ళ షాపు ఎత్తేశాక, అది తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎండలు వెళ్ళి వానలు వచ్చాయి, వానలూ వెళ్ళిపోయాయి, తలుపు మాత్రం తెరుచుకోలేదు. కంచం గుమ్మం దగ్గర పెడితే తీసుకునేది, తిన్నాక మళ్ళీ అక్కడే పెట్టేది. "దాని మానాన దాన్ని వదిలెయ్యవే" అనేవారు మా ఆయన. ఎలా వదిలెయ్యను? లోపల చప్పుడు వినపడితే ఏం పడిందోనని గుండెదడ, వినపడకపోతే ఏమైపోయిందోనని గుండెదడ. అలాంటి పిల్ల ఒకనాడు ఫోన్లో పకపకా నవ్వింది. వంటింట్లోంచి పరుగెత్తుకెళ్ళి తలుపుకి చెవి ఆనించాను. అవతలి మనిషితో దయ్యాల గురించి మాట్లాడుతోంది.

అలా చేరింది దయ్యాల్ని వెతికే ఆ బృందంలో. బృందమంటే పెద్ద సైన్యమేమీ కాదు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అతను నాయకుడు, అతన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఒక లిఫ్టు మెకానిక్, ఒక లెక్కల టీచరమ్మ, ఆపైన మా పిల్ల. దయ్యాలున్నాయని పేరుపడ్డ భవనాలకి సెలవు రోజున వెళ్తారు, రికార్డరు పెడతారు, "ఎవరక్కడ?" అని అడుగుతారు, ఎవరూ పలక్కపోతే ఇంటికొస్తారు. ఇంతవరకు ఎవరూ పలకలేదు. ఇది కొరివితో తల గోక్కోవడమేనని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. పిల్ల తల దువ్వుకుంటోంది, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్తోంది. దయ్యం పుణ్యమా అని కదా!

అంతలో కెప్టెన్ తేల్చి చెప్పేశాడట. "గొడుగుల ఫ్యాక్టరీయే ఆఖరు. అక్కడా ఏమీ దొరక్కపోతే బృందం ఎత్తేద్దాం" అని. ఆ మాట చెప్పి మా అమ్మాయి కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది. దయ్యం దొరక్కపోతే పిల్ల మళ్ళీ ఆ గది పాలవుతుంది. దొరికితే దయ్యం పాలవుతుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఎటునుంచి ఎంచుకొచ్చినా నాకు మేలు దగ్గరికి దారి దొరకలేదు. అందుకే నేనూ వస్తానన్నాను. అదీ పగలైతేనే వెళ్ళాలన్నాను.

"దయ్యాలకి పగలేం పని ఆంటీ?" అని గేటు దగ్గర విసుక్కున్నాడు కెప్టెన్.

"రాత్రిపూట వెళ్ళి నిద్ర లేపితే బాగుంటుందా బాబూ? మనల్ని ఎవరైనా అలా లేపితే ఊరుకుంటామా?"

"దయ్యాలు నిద్రపోవు."

"అయ్యో పాపం" అన్నాను. నిజంగానే జాలేసింది.

మా అమ్మాయి నా సంచి కేసి చూసింది. "ఏం మోసుకొచ్చావమ్మా అంత బరువు?"

"ఏముందే, దూది, గాయాల మందు, తాడు, ఒక విజిలు, అందరికీ స్వెట్టర్లు."

"స్వెట్టర్లా? ఇంత ఎండలో?"

"దయ్యం వస్తే చలేస్తుందని చెప్పింది నువ్వే కదే!"

లిఫ్టు మెకానిక్ మాత్రం ఒక స్వెట్టరు అడిగి తొడుక్కున్నాడు. ముందుచూపున్న మనిషి.

లోపల హాలు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంది. బల్లల మీద తుప్పు పట్టిన గొడుగు ఊచల కుప్పలు. పైన వరసగా కొక్కేలు, వాటికి గుడ్డ కుట్టని గొడుగులు అస్థిపంజరాల్లా వేలాడుతున్నాయి. ఆ ఊచల్లో ప్రతిదీ ఎవరో ఒకరి కంట్లో గుచ్చుకోవడానికే ఎదురుచూస్తున్నట్టు నాకనిపించింది. మూలన ఒక ఇనుప బీరువా ఉంది. జనం చెప్పుకునేదంతా ఆ బీరువా గురించే. అందులో ఎవరో గొడుగు తెరిచినట్టు ఠప్పుమని వినిపిస్తుందట.

కెప్టెన్ నేలమీద పట్టా పరిచి మమ్మల్ని కూర్చోబెట్టాడు. రికార్డరు మధ్యలో పెట్టాడు. బీరువా వైపు తిరిగి, "అవునంటే ఒక చప్పుడు, కాదంటే రెండు" అని గట్టిగా చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "ప్రశ్నలు నేనొక్కణ్ణే అడుగుతాను. మిగతావాళ్ళు నోరెత్తకూడదు" అన్నాడు.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

ఈగ వాలిన చప్పుడు కూడా లేదు.

"నీ పేరేమిటి?"

"అవును, కాదులతో పేరెలా చెబుతుందండీ?" అని గొణిగింది టీచరమ్మ.

"నువ్వెలా చచ్చిపోయావు?"

ఏమీ లేదు. మా అమ్మాయి గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది. ఇక్కడ కూర్చునే అది తన గదిలోకి వెళ్ళిపోతున్నట్టు కనిపించింది నాకు. దాని ముఖం చూడలేక తలెత్తాను. తలెత్తితే పైన దూలానికి బారెడు పగులు!

"అమ్మో, ఈ కప్పు కూలుతుందా ఏమిటి?" అనేశాను. ఎవరినీ అడగలేదు. అలవాటు కొద్దీ వచ్చిన మాట.

బీరువాలో ఠప్. ఠప్.

నాకు భయం వెయ్యాలి. వేసింది కూడా. కాకపోతే ఇన్నేళ్ళుగా నేనడిగే ప్రశ్నలకి మా ఇంట్లో ఒక్కరూ సరిగ్గా జవాబు చెప్పరు. చెప్పేవాళ్ళు దొరికాక వదులుతానా?

"ఈ వైర్లలో కరెంటుందా?"

ఠప్. ఠప్.

"పాములున్నాయా?"

ఠప్. ఠప్.

"తేళ్ళు?"

ఠప్.

అందరం కాళ్ళు ముడుచుకున్నాం. "ఈ పట్టా కిందా?" అన్నాను.

ఠప్.

ఎలా ఎక్కామో తెలియదు గానీ, మరుక్షణం అందరం బల్ల మీద ఉన్నాం. టీచరమ్మ కెప్టెన్ భుజం మీద సగం ఉంది.

"ఈ బల్ల మా బరువు ఆపుతుందా?"

దయ్యం కాస్త ఆలోచించింది. తర్వాత ఠప్ మంది.

దయ్యాలు వేదాలు వల్లిస్తాయని సామెత విన్నాను గానీ, ఇంత ఓపిగ్గా జాగ్రత్తలు చెబుతాయని ఎవరూ చెప్పగా వినలేదు.

కెప్టెన్ గొంతు సవరించుకుని మళ్ళీ అందుకున్నాడు. "చెప్పు, నువ్వెలా చచ్చిపోయావు?"

"ఏం బాబూ, మొదటిసారి పలకరించినవాళ్ళని అడిగే మాటేనా అది?" అన్నాను ఉండబట్టలేక.

ఠప్! ఠప్! ఈసారి బీరువా కూడా కదిలింది.

ఇంత దయ్యం దొరికితే వీళ్ళు గంతులేస్తారనుకున్నాను. కెప్టెన్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "సరే. ఉందా లేదా అన్నదే కదా మన ప్రశ్న. ఉంది. మన పని అయిపోయింది. ఇక బృందం ఎత్తేద్దాం" అన్నాడు. "నేను పళ్ళ దగ్గరే ఉంటాను. పళ్ళు ఎదురు చెప్పవు."

"అంతేగా, జవాబు వచ్చాక ఆ లెక్క మళ్ళీ ఎవరు చేస్తారు?" అంది టీచరమ్మ.

"ఈ స్వెట్టరు నేను ఇంటిదాకా వేసుకెళ్తానమ్మా" అన్నాడు మెకానిక్. వణుకుతున్నాడు.

"అంటే వచ్చేవారం ఎక్కడికీ వెళ్ళమా?" అని అడిగింది మా అమ్మాయి. అది రికార్డరు వైరు మెల్లగా, చాలా మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది.

దొరక్కపోయినా ఎత్తేస్తారు, దొరికినా ఎత్తేస్తారు. ఏం మనుషులమ్మా వీళ్ళు! దొరికీ దొరకని దయ్యాన్ని నేనెక్కణ్ణించి తేను?

బల్ల దిగాను. "అమ్మా, తేళ్ళు!" అని అరిచింది పిల్ల. మునివేళ్ళ మీద ఎగురుతూ వెళ్ళి బీరువా సందుకి నోరానించి గుసగుసలాడాను.

"చూడండి, మీరు ఆడో మగో తెలియదు, పెద్దవాళ్ళే అనుకుని చెబుతున్నాను. మీరు ఉన్నారంటే వీళ్ళు విడిపోతారు. ఎవరూ లేరన్నా విడిపోతారు. నా పిల్ల మళ్ళీ తలుపేసుకుంటే నేను తట్టుకోలేను. కాస్త మాట సాయం చెయ్యండి."

తర్వాత అందరికీ వినపడేలా అడిగాను. "అయ్యా, మీరు ఇక్కడ లేకపోతే ఒక్కసారి చప్పుడు చెయ్యండి!"

బీరువా చాలాసేపు తటపటాయించింది.

ఠప్.

"విన్నారా? ఇక్కడ లేదట!" అన్నాను.

"ఇక్కడ లేనిది ఇక్కడ ఎలా..." అని కెప్టెన్ మొదలుపెట్టాడు.

"అదే చెప్పింది కదా కెప్టెన్! ఇందాక తేళ్ళుంటే తేళ్ళన్నది, ఇప్పుడు మాత్రం అబద్ధమాడుతుందా?" అని గయ్యిమంది మా అమ్మాయి. దాని గొంతు అంత పెద్దదని నేనే మర్చిపోయాను. వైరు పక్కన పడేసి, బల్ల చివరికి పాక్కుంటూ వచ్చి బీరువాని నిలదీసింది. "ఇక్కడ లేకపోతే మరెక్కడున్నావు? ఐసు ఫ్యాక్టరీలోనా?"

ఠప్. ఠప్.

"రైలు పట్టాల పక్కన ఉప్పు గోదాములోనా?"

ఠప్.

"అయితే ఇంకా దొరకనట్టే లెక్క" అంది టీచరమ్మ, ముఖం వికసించి.

"దొరకలేదు, దొరకలేదు" అన్నాడు మెకానిక్. ప్రాణం లేచొచ్చిన మనిషిలా స్వెట్టరు విప్పాడు.

కెప్టెన్ కూడా తేరుకున్నాడు. "మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని బీరువా మీద విసుక్కున్నాడు.

ఎండ తగ్గుతుండగా గేటు దాటాం. ముందు వాళ్ళు నలుగురూ, గోదాముకి ఏ దారిన వెళ్ళాలా అని ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ నడుస్తున్నారు. అందరికన్నా ఎక్కువ అడ్డం పడుతున్నది మా పిల్లే. మలుపు దగ్గర ఆగి, నేను వచ్చేదాకా నిలబడింది.

"అమ్మా, ఏమీ అనుకోకు. వచ్చేవారం నువ్వు రావద్దే."

"నేను రాకపోతే ఎలాగే?"

"మేం చూసుకుంటాం. వాళ్ళందరూ తమ ఇళ్ళల్లోంచి ఒంటరిగానే వస్తున్నారు కదా."

"మరి ఆదివారమంతా నేనేం చెయ్యను?"

"నాన్న గురించి భయపడు. పాపం, ఆయన వంతు ఎప్పుడూ రాదు" అని నవ్వి, పరుగెత్తి వాళ్ళలో కలిసిపోయింది.

నిజమే. పొద్దున్నించి ఆయన ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఈపాటికి టీ పెట్టుకుందామని స్టవ్వు దగ్గరికి వెళ్ళి ఉంటారా ఏమిటి? సంచి భుజానికి ఎగేసుకుని గబగబా నడిచాను.