ఏడో మేకు

నేను ఒక రేకు ముక్కని. మామూలు రేకు ముక్కని కాదు, ఫుట్‌బాల్ లీగు పట్టికలో మొదటి స్థానంలో వేలాడిన రేకుని. కావాలంటే రేవు మైదానం గేటు పక్కనున్న చెక్క బోర్డునే అడగండి. దాని మీద పైనుంచి కిందికి ఎనిమిది మేకులు, ఎనిమిది క్లబ్బుల పేర్లు రాసిన ఎనిమిది రేకులు. ప్రతి ఆదివారం ఆటలయ్యాక లీగు సెక్రటరీ భాస్కరం మాస్టారు స్టూలెక్కి, పాయింట్ల ప్రకారం రేకుల్ని పైకీ కిందికీ మారుస్తారు.

మొదటి స్థానంలో ఎంతకాలం ఉన్నానని మాత్రం అడక్కండి. అడిగారా? సరే. అర నిమిషం.

మిగతా పద్నాలుగేళ్ళూ ఎనిమిదో మేకుకే ఉన్నాను. మాస్టారు ఏడు రేకుల్నీ మార్చేవారు గానీ నన్ను ముట్టుకోవలసిన పనే పడలేదు. నా కింద గడ్డి మొలిచి నా అంచు దాకా పెరిగింది. దాన్ని మేయడానికొచ్చిన మేక నన్ను కూడా నాకి చూసి, జాలిపడి వెళ్ళిపోయింది.

నేను పుట్టింది వేరుశనగ నూనె డబ్బాలోంచి. జెట్టిపేటలో వలలు బాగుచేసే గనగళ్ళ దానయ్య ఆ డబ్బాని కత్తిరించి, నీలం రంగు పూసి, పసుపు అక్షరాలతో 'జెట్టిపేట తుఫాన్' అని రాశాడు. వెనక్కి తిప్పితే ఇప్పటికీ వేరుశనగకాయ బొమ్మ కనిపిస్తుంది. తుఫాన్ క్లబ్బుకి కోచ్ దానయ్యే, మేనేజరూ దానయ్యే. మైదానంలో రెండు గోల్ పోస్టులకీ వలలు కట్టేది కూడా అతనే. భూమ్మీద అంత గట్టి వలలు లేవు. అవతలి జట్లు మా మీద కొన్ని వేల గోల్స్ కొట్టినా ఒక్క పోగు తెగలేదు.

ఆ అర నిమిషం సంగతి చెప్తాను. మావాళ్ళు పదకొండు సున్నాతో ఓడిన సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక దానయ్య నన్ను తీసి ఒకటో మేకుకి తగిలించాడు. రెండడుగులు వెనక్కేసి చూశాడు. "బాగుందిరా," అన్నాడు, నాతోనే అనుకుంటాను. ఇంతలో మాస్టారి సైకిల్ బెల్లు వినపడింది. కంగారుగా లాగితే చెయ్యి జారి సిమెంటు గట్టు మీద పడ్డాను. కుడి మూల వంకరపోయి గాలంలా పైకి లేచింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆఖరి రేకు అందచందాలు ఎవరిక్కావాలి?

ఈ ఏడాది లీగు పెద్దలు కొత్త రూలు పెట్టారు. చివరన నిలిచిన క్లబ్బు లీగులోంచి బయటికి పోతుంది. మైదానంలో ప్రాక్టీసు రోజులు కూడా పోతాయి. మావి మంగళవారం, శుక్రవారం. అవి పోతే తుఫాన్ క్లబ్బే ఉండదు.

దానయ్య అక్క కాసులమ్మ చేపలమ్ముతుంది. ఆ మాట వినగానే గంప దించి అంది: "ఒరే దానయ్యా, ఈ మాటు కూడా ఆకర్నే ఉంటే ఆ బంతి నాకిచ్చీరా. ఎండుసేపల మీద కాకులు వాలకుండా ఏలాడదీసుకుంటాను."

"ఈ మాటు సూడప్పా."

"పద్నాలుగేళ్ళ నుంచీ సూత్తన్నాను కదరా."

ఈ మాటు నిజంగానే చూసింది. మావాళ్ళు రెండు ఆటలు గెలిచారు. నాలుగు డ్రా చేశారు. పది పాయింట్లు! ఆఖరి ఆదివారం లెక్కచూస్తే మేమూ, కళాసీల జట్టు గోదాం బాయ్సూ అట్టడుగున సమానంగా ఉన్నాం. పాయింట్లు సమానం. కొట్టిన గోల్సూ, తిన్న గోల్సూ సమానం. మా ఇద్దరి మధ్య జరిగిన ఆటలూ డ్రాయే. రూలు ప్రకారం చీటీ తియ్యాలి.

మాస్టారు రెండు చీటీలు రాశారు. సముద్రపు గాలి వాటిని ఎత్తుకుపోయింది. మళ్ళీ రాశారు. ఆ రెండో జత ఈపాటికి సింగపూర్ చేరి ఉంటుందని నా అంచనా. విసుగొచ్చి, మా ఇద్దరి రేకుల్నే కాసులమ్మ గంపలో వేయించి, పైన తువ్వాలు కప్పించారు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టారు.

నేను బయటికొచ్చాను! అంతా అదృష్టం. నేను చేసిందేమీ లేదు.

అయినా మళ్ళీ ఆడాల్సొచ్చింది. చీటీలో గెలిచాక ఎందుకాడారంటారా? ఏదో చిన్న కారణం లెండి. ముందు ఆట చూడండి.

ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు. గోదాం కెప్టెన్ పైడిరాజు బియ్యం బస్తాలు మోసే మనిషి. అతను తన్నిన బంతి గోల్ పోస్టుకి తగిలితే, రేవులో ఓడలు తమనే పిలుస్తున్నారనుకుని తిరిగి కూత పెట్టాయి. పంతొమ్మిదో నిమిషంలో మాకు కార్నర్ దొరికింది. మా నూకరాజుకి నలభై మూడేళ్ళు. మూడేళ్ళుగా ఒక్క గోల్ కొట్టలేదు. సరిగ్గా అప్పుడే అతని నిక్కరు జారింది. వెనక్కి తిరిగి బొందు బిగించుకుంటుంటే బంతి వచ్చి వీపుకి తగిలి వలలో పడింది.

"ఎవుడు కొట్టాడ్రా?" అన్నాడు నూకరాజు.

"నువ్వే మావా!"

పద్నాలుగేళ్ళకి దానయ్య వలలో సరైన చేప పడింది.

విజిల్ మోగగానే మాస్టారు నన్ను ఏడో మేకుకి తగిలించారు. జానెడు ఎత్తు పెరిగాను. అక్కణ్ణుంచి ప్రపంచం మొత్తం కనపడుతుంది. తప్పెట్లు మోగాయి, టపాకాయలు పేలాయి. లీగు గెలిచిన జట్టు కప్పుతో ఆటోలో పోతూ మా ఊరేగింపు వెనక ఇరుక్కుపోయింది. వాళ్ళ కెప్టెన్ దిగొచ్చి, ఏ కప్పు గెలిచారని అడిగాడు.

"కప్పేటి నాయనా, ఏడో తానం!" అంది కాసులమ్మ.

అతను తన కప్పు వంక ఒకసారి చూసుకుని, దాన్ని ఆటోలో పెట్టి, వచ్చి మాతో గెంతాడు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మాస్టారు నన్ను తగిలిస్తూ అందరి ముందూ ఓ మాటన్నారు: "ఈ మూల ఇప్పుడైనా సరిచెయ్యవయ్యా దానయ్యా. నాకున్నవి రెండే జుబ్బాలు."

దొరికిపోయాను. ఒప్పుకుంటాను. గంపలో మాస్టారి చేతికి మొదట దొరికింది గోదాం రేకు. ఆయన దాన్ని పైకి తీస్తుంటే నా వంకర మూల జుబ్బా చేతికి తగులుకుంది. తగులుకుందేమిటి, నేనే పట్టుకున్నాను. గోదాం రేకు జారిపోయింది, నేను వేలాడుతూ బయటికొచ్చాను. చీటీ గెలిచామని అందరూ గెంతుతుంటే, దానయ్య నన్ను ముద్దు పెట్టుకోబోయి మూలకి చిక్కిన తెల్ల దారం చూశాడు. ఇంకెవరూ చూడలేదు. అర నిమిషం అలాగే నిలబడ్డాడు. అప్పుడు మాస్టారి దగ్గరికి నడిచాడు.

"ఇది మీ జుబ్బా దారమండి. మీరు రేకుని తియ్నేదు, రేకే మిమ్మల్ని పట్టుకుంది. ఈ గెలుపు సెల్లదు."

పైడిరాజు ముందుకొచ్చాడు. "గంపా వద్దు, సీటీలూ వద్దు. ఆడి తేల్చుకుందాం రా అన్నా," అన్నాడు.

అదీ ఆ చిన్న కారణం. నేను తెచ్చిన గెలుపుని దానయ్య వాపసిచ్చేశాడు. ఏడో స్థానం నా వల్ల రాలేదు, ఇంచుమించు నా వల్ల పోయేది. ఆట ఓడిన పైడిరాజుతో, "మంగళారం మేం ఆడతాం. శుక్రారం మైదానం మీరు తీసుకోండి," అన్నాడు దానయ్య.

తర్వాత సుత్తి తెచ్చి, ఒక్క దెబ్బతో నా మూల చదును చేశాడు. నొప్పేసింది. తగిన శాస్తే.

"అసలిది వంకరెలా పోయిందయ్యా?" అని అడిగారు మాస్టారు.

దానయ్య ఒకటో మేకు వంక చూడకుండా, "గాలికండి," అన్నాడు.

ఆ ఒక్క అబద్ధం మాత్రం మా ఇద్దరిదీ.